కెఫీన్ సూదులు

పదకొండేళ్లుగా ఒక మాటను లోపలే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రాజమండ్రి దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో నేనూ కరుణా కలిసి పరిశోధన చేసేవాళ్లం. కరుణ వాళ్లది కాకినాడలో చేపలమ్ముకునే కుటుంబం, ఆ ఇంట్లో డిగ్రీ దాటింది తనొక్కతే. కెఫీన్‌ని ఒక ఆమ్లంతో జతచేసి రెండూ కలిసిన స్ఫటికాన్ని పెంచడం మా పని. ఒట్టి కెఫీన్ మా గోదావరి గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. జత కుదిరితే మందుబిళ్ల పాడవకుండా నిలుస్తుందని ఆశ. సీసా మూతకు చిల్లులు పొడిచి కిటికీలో పెట్టి, అందులోని ద్రవం ఆరేదాకా రోజుల తరబడి చూస్తూ కూర్చునేవాళ్లం. ఆ గదిలో ఏ రోజు ఏదో తెలిసేది కాదు.

నా సీసాలో ఎప్పుడూ మొద్దు దిమ్మల్లాంటి స్ఫటికాలే వచ్చేవి. ఒక ఉదయం కరుణ సీసాలో సూదులు మొలిచాయి. వెంట్రుకంత సన్నగా, ఎండ తగిలి వెలుగుతూ. అదే జత, వేరే రూపం. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. మా పరిశోధన చూసే సర్ ఊళ్లో లేరు. ల్యాబ్‌లోకి ఫోన్లు తేనివ్వరు, ఫొటో తీసే వీల్లేదు. కరుణ భోజనానికి వెళ్లగానే, నా దిమ్మల్లో వాడిన గరిటెను తుడవకుండా ఆమె సీసాలో పెట్టాను. దగ్గరగా చూద్దామని. అంతేనా? ఒక రూపం రవ్వ తగిలితే రెండోది కూడా అలాగే మారిపోతుందని సర్ మొదటి రోజే చెప్పారు కదా, అది నాకప్పుడు గుర్తులేదా? ఉంది. అసూయ అని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అదే.

మర్నాటికి అన్నీ దిమ్మలే. ఆ రవ్వలు ఆమె సామాన్లన్నిటికీ అంటుకున్నాయేమో, తర్వాత ఎన్నిసార్లు పెంచినా సూదులు రాలేదు.

సర్ వచ్చి ఆమె నోట్‌బుక్ చూశారు. "చూడనిది రాయకూడదమ్మా," అన్నారు.

"చూశానండి, నిజంగానండి," అని కరుణ నావైపు తిరిగింది. "నువ్వూ చూశావు కదే. సర్‌కి చెప్పవే."

"ఏమో కరుణా, నేను సరిగ్గా చూడలేదు," అన్నాను.

అవునంటే గరిటె సంగతి కూడా బయటపడుతుందని భయం. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. కరుణ నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకుంది. అబద్ధాలకోరన్న పేరుతో ఆ నెలలోనే చదువు మానేసి వెళ్లిపోయింది. ఇప్పుడు ఏదో మందుల షాపులో చేస్తోందట. నాకు డాక్టరేట్ వచ్చింది. ధవళేశ్వరం దగ్గర బస్సులోంచి ఎండకు మెరిసే నీళ్లు కనబడితే కళ్లు మూసుకుంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ రోజు అనాల్సినది మాత్రం ఇక్కడ రాస్తున్నాను, రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది.

చూశానండి సర్. సూదులే. పాడుచేసింది నేను.