అత్తమ్మ చేతి మీద పద్నాలుగు రోజులు

మా అత్తమ్మకు షుగర్ వచ్చి పదహారేళ్లు, ఇన్సులిన్ మొదలుపెట్టి ఆరేళ్లు. ఆమె పుట్టిందీ మెట్టిందీ ఉప్పల్ చుట్టుపక్కలే. ఇప్పుడు మెట్రో పిల్లర్లున్న దారిలో ఒకప్పుడు నెత్తిన కూరగాయల గంపతో నడిచిన మనిషి. ఎవరితోనూ మాట పడే రకం కాదు. అలాంటి మనిషి నాలుగేళ్లపాటు నాతో దొంగ అనిపించుకుంది.

మేముండేది చిల్కానగర్‌లో. మా ఆయనా నేనూ నాచారంలో వేరువేరు కంపెనీల్లో పని చేస్తాం. మందుసీసాల మూతల్లో పగుళ్లున్నవి ఏరేయడం నా పని. పొద్దున అత్తమ్మకు ఇన్సులిన్ సూది వేసి, టిఫిన్ పెట్టి, ఎనిమిది కాకముందే బయల్దేరేదాన్ని. సాయంత్రం రాగానే ఆమె వేలు గుచ్చి మిషన్‌లో చూసేదాన్ని. రెండు వందల ఎనభై. మూడు వందల పది. వెంటనే వంటింట్లోకి పోయి బెల్లం డబ్బా తెరిచేదాన్ని. తగ్గి ఉండేది.

“మల్ల తిన్నవా అత్తమ్మా?”

“ఏదో జరంత,” అని అటు తిరిగి కూర్చునేది.

నెలనెలా దవాఖానకు పోయినప్పుడు డాక్టర్‌కు నేనే ముందు చెప్పేదాన్ని. “మాట ఇనది సార్. మేం ఇంట్ల లేనప్పుడు బెల్లం తింటది. ఇంట్లనే దొంగతనం.” ఆయన అత్తమ్మను మందలించి, పొద్దుటి ఇన్సులిన్ రెండు పాయింట్లు పెంచేవాడు. ఇంకో రెండు నెలలకు మళ్లీ పెంచేవాడు.

మొదట్లో ఒకసారి అత్తమ్మ నాతో అంది, “పగటిపూట పానం దడదడ అంటది బిడ్డా, కండ్లు తిరుగుతయ్” అని. నేను టిఫిన్ బాక్సులు కడుగుతున్నాను. వెనక్కి తిరగకుండానే, “గంత బెల్లం తింటే తిరగవా మరి?” అన్నాను. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

నిరుడు ఆ డాక్టర్ వేరే ఊరికి పోయి, ఆయన స్థానంలో ఒక డాక్టరమ్మ వచ్చింది. ఫైలు మొదటినుంచి తిరగేసి, “అన్నీ సాయంత్రం చూసినవేనా? పగలు ఎప్పుడూ చూడలేదా?” అని అడిగింది. పగలు చూడటానికి ఇంట్లో ఎవరున్నారు?

ఆమె అత్తమ్మ జబ్బకు ఒక తెల్లటి బిళ్ల అంటించింది. రూపాయి కంటే కొంచెం పెద్దది. కింద వెంట్రుకంత సన్నటి తీగ చర్మంలోకి దిగి ఉంటుందట. పావుగంటకోసారి షుగర్ ఎంతుందో అదే రాసి పెట్టుకుంటుందట. “ఇన్సులిన్ తీసుకునేవాళ్లు చాలా దేశాల్లో దీన్ని ఎప్పుడూ పెట్టుకునే ఉంటారు. మనం పద్నాలుగు రోజులు పెట్టి చూద్దాం. అన్ని రోజులూ ఆమె ఏం తిన్నా రాసి పట్టుకురండి,” అంది.

అబద్ధం ఎందుకు, నాకు లోలోపల సంతోషమైంది. ఇక దొరికిపోతుంది అనుకున్నాను.

ఆటోలో వస్తుంటే అత్తమ్మ అడిగింది. “గిదేంది బిడ్డా, కెమెరానా?”

“అసుమంటిదే.”

ఆమె కొంగు లాగి ఆ బిళ్లను కప్పుకుంది. ఆ పద్నాలుగు రోజులూ పక్కింటివాళ్ల ముందు కొంగు తీయలేదు. రోజూ సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. ఇడ్లీ రెండు, అన్నం, పప్పు. “ఇంకేం తిన్నవ్?” “గంతే.” గంతే అనే రాసుకున్నాను.

పదిహేనో రోజు డాక్టరమ్మ ఆ బిళ్లలో ఉన్నదంతా కంప్యూటర్‌లో చూపించింది. రోజుకో గీత. చాలా రోజుల్లో గీత మధ్యాహ్నం పన్నెండుకల్లా కొండలా లేచింది, సాయంత్రం దాకా దిగలేదు. నేను ఆగలేకపోయాను.

“సూడుండ్రి మేడం, ఎట్ల లేసిందో! నేను చెప్తనే ఉన్న.”

డాక్టరమ్మ పెన్ను కొంచెం ఎడమకు జరిపింది. “దానికి ముందు చూడండి. పదకొండు గంటలకు.”

అక్కడ గీత కిందికి పడిపోయి ఉంది.

“ఈ రోజు యాభై రెండు. ఈ రోజు నలభై నాలుగు. డెబ్బై కంటే తగ్గకూడదు.” తర్వాత అత్తమ్మ వైపు తిరిగింది. “అమ్మా, ఆ టైంలో మీకు ఎలా ఉంటుంది?”

అత్తమ్మ ముందు నా మొహం చూసింది. తర్వాత చెప్పింది. “చేతులు వణుకుతయ్. ఒళ్లంత చెమట. గోడ వట్టుకొని వంటింట్లకు పోత. డబ్బా మూత రాదు, పండ్లతోని గుంజుత.”

“ఇంట్లో ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే, తిన్నవంటరు గద.”

“ఆ బెల్లం తినకపోతే మీరు పడిపోయేవాళ్లమ్మా,” అంది డాక్టరమ్మ. “మీ తప్పేం లేదు. పొద్దుటి మందు ఎక్కువైంది.”

ఎందుకు ఎక్కువైందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సాయంత్రం షుగర్ పెరిగిందని నేను ఫిర్యాదు చేశాను. ఇన్సులిన్ పెంచారు. పెంచినకొద్దీ పదకొండింటికి ఇంకా పడిపోయింది. పడినకొద్దీ ఆమె ఇంకాస్త బెల్లం తింది. నేను మూతలు ఏరుకుంటూ కూర్చున్న ఆ గంటలో, ఖాళీ ఇంట్లో ఆమె ఒక్కతే గోడ పట్టుకుని నడిచింది.

మెట్లు దిగుతూ ఆమె చెయ్యి పట్టుకున్నాను. “తప్పయింది అత్తమ్మా.”

“నువ్వేం జేస్తవ్ బిడ్డా. లోపల ఏమైతుందో నాకే ఎరుక లేదు, నీకెట్ల ఎరుకుంటది?” రెండు మెట్లు దిగాక ఆగింది. “కని దొంగ అన్నప్పుడు మాత్రం మస్తు బాధైంది.”



ఇన్సులిన్ తగ్గించారు. పదిన్నరకు ఏదో ఒకటి తినాలన్నారు. వేలు గుచ్చుకుని మిషన్‌లో చూసుకోవడం, సూది వేసుకోవడం అత్తమ్మ తనే నేర్చుకుంది. సాయంత్రం లెక్క నూట ఎనభై దగ్గరికి దిగింది. అప్పుడప్పుడూ ఎక్కువొస్తుంది. కారణం ఏమై ఉంటుందా అని ఇద్దరం కలిసి ఆలోచిస్తాం.

రెండు నెలలకు ఒక పొద్దున, “నాగారంల మా శెల్లె కాడికి పోయొస్త,” అంది. ఆమె చెల్లెలింటికి పోయి మూడేళ్లయింది. అక్కాచెల్లెళ్లకు ఏదో మాట తేడా వచ్చిందనుకున్నాను. కాదట. ఒకసారి బస్సులో చెమటలు పట్టి, నడుమనే దిగి, ఎవరిదో దుకాణం మెట్ల మీద గంటసేపు కూర్చుందట. అప్పటినుంచి బస్సెక్కాలంటే భయమట. అదీ చెప్పలేదు.

ఒక పూట సెలవు పెట్టి ఉప్పల్‌లో బస్సెక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. “పో బిడ్డా, నీ డ్యూటీకి యాళ్లైతది,” అని నన్నే తొందరపెట్టింది.

మధ్యాహ్నం కంపెనీకి ఫోన్ చేసింది. వెనక ఆమె చెల్లెలి నవ్వు వినపడుతోంది.

“ఇయ్యాల రాను. రెండు రోజులుంట.”

“మరి సూది, అత్తమ్మా?”

“సంచిల వెట్టుకొనే వచ్చిన,” అంది.