బల్ల కింద దాచిన వాషర్లు

నాలుగేళ్ల కిందటి వేసవి. పటాన్‌చెరులో పంపులకు ఇనుప వాషర్లు బిగించి పంపే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను ప్రొడక్షన్ ఇంజనీర్‌ని. వృథాను తగ్గించి పని నడిపే పద్ధతిని మేం లీన్ అంటాం. అవసరానికి మించి తయారైన సరుకు కూడా అందులో వృథాయే. అలాంటిది ఎక్కడ కనిపించినా ఎర్ర చీటీ అంటించి తీసేయించడం ఆ నెల నా పని.

పవర్ ప్రెస్ మీద పనిచేసే మరియమ్మ కాజీపల్లి నుంచి కంపెనీ బస్సులో వచ్చేది. ఆ మెషిన్ మీద ఆమెకు పదకొండేళ్ల అనుభవం. పెడల్ తొక్కితే పైనున్న బరువైన దిమ్మె, మా మాటలో ర్యామ్, ఒక్కసారి దిగి రేకులోంచి వాషర్‌ని కోసి పైకి పోవాలి. ఆమె బల్ల కింద గోనెసంచి కప్పిన రెండు క్రేట్ల నిండా వాషర్లు దొరికాయి.

“అవి జెర ఉండనియ్యండి సార్,” అంది మరియమ్మ.

ఎందుకని నేను అడగలేదు. పాత అలవాటు వదులుకోలేకపోతోందనుకున్నాను. ఇకనుంచి ఏ గంటకు కావలసినవి ఆ గంటకే చేయమని చెప్పి, క్రేట్లు స్టోర్‌కి పంపేశాను.

ఆ తర్వాత రెండు రోజులూ మధ్యాహ్నం వాషర్లు చాలక పంపులు బిగించే అసెంబ్లీ వాళ్లు ఖాళీగా కూర్చున్నారు. మేనేజర్ నన్ను పిలిచి గట్టిగానే అడిగాడు. మూడో రోజు భోజనాలయ్యాక స్టాప్‌వాచ్ పట్టుకుని మరియమ్మ పక్కన నిలబడ్డాను. ప్రతి దెబ్బ తర్వాత ఆమె ర్యామ్ వైపు చూసి, కాసేపు ఆగి, అప్పుడు చెయ్యి పెడుతోంది. మెడంతా చెమట. నా వాచీకి భయపడుతోందనుకున్నాను. కొంచెం త్వరగా కానిమ్మన్నాను.

తర్వాతి దెబ్బకు ఆమె ఆగలేదు. పెడల్ మీంచి కాలు తీసి, వాషర్ కోసం చెయ్యి చాపింది. ఎవరూ తొక్కకుండానే ర్యామ్ మళ్లీ దిగింది.

గ్లవ్ వేలి కొన ర్యామ్ కింద ఇరుక్కుపోయింది. చెయ్యి మాత్రం బయటికి వచ్చేసింది. ఆ వేళ్లను నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

మెషిన్ ఆపేసి ఆమెను కూర్చోబెట్టాను. ఇంతకుముందు కూడా ఇలా జరిగిందా అని అడిగాను.

“గరమైతే గిట్లనే దిగుతది సార్. గందుకే పొద్దుగాల జల్దీ జల్దీ చేసి పక్కకు పెట్టుకుంట. పగటీలి దానికి జెరసేపు రెస్టు ఇస్త.”

“ఎవరికీ చెప్పలేదా?”

“సూపర్‌వైజర్‌కు రెండుసార్లు చెప్పిన. లోడు పోయినంక చూద్దామన్నడు. మీరేమో అడగనే లేదు.”

సాయంత్రం లోడు వెళ్లేదాకా నడిపిద్దామన్నాడు మేనేజర్. నా ఉద్యోగం పోతుందేమోనన్న భయంతోనే, ఈ మెషిన్ నడపరాదని రాసి సంతకం పెట్టాను. లారీ సగం సరుకుతో వెళ్లింది. మెకానిక్ వచ్చి విప్పితే, ర్యామ్‌ని పైన ఆపి ఉంచాల్సిన బ్రేకు పూర్తిగా అరిగిపోయి ఉంది. అది మార్చాక మధ్యాహ్నాలు కూడా మెషిన్ సరిగానే నడిచింది. ఉద్యోగం పోలేదు కానీ, మరియమ్మ నాతో మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది.

అదనపు సరుకు మెషిన్ల లోపాలను కప్పిపెడుతుందని మాకు శిక్షణలో చెప్పారు. నేనూ ఎందరికో చెప్పాను. ఆ సరుకును తీసేసినప్పుడు బయటపడే లోపం కింద ఒక మనిషి చెయ్యి ఉండవచ్చని మాత్రం నాకు తట్టలేదు. ఇప్పుడు చీటీ అంటించే ముందు అక్కడ పనిచేసే మనిషిని అడుగుతాను. చెప్పేది చివరిదాకా వింటాను.