నిమ్మకాయ కోసం కొత్త టైరు

మా మామ తన చిన్ననాటి స్నేహితుడు రంగసామి దగ్గర కొన్న పాత కారు ఈ రోజు చోళపురం దారిలో మమ్మల్ని ఏడిపించింది. తిన్నని, పొడి రోడ్డు మీద చక్రాలు జారితే వెలిగే ట్రాక్షన్ కంట్రోల్ దీపం మిణుకుమంది, ఇంజను నీరసపడింది. చక్రం జారుతోందని కారుకు అనుమానం!

"స్నేహితుడని నమ్మితే మోసం చేసినాడు. ఇంక వాని మొగం చూడను" అంటూనే మామ రంగసామి బ్యాండేజీ గుడ్డల అంగడికి బండి తిప్పాడు. వ్యాపారుల దోపిడీ మీద కరపత్రాల్లో చదివిందంతా నేను దారిపొడవునా నెమరువేసుకున్నాను.

అంగడి ముందు దిగి టైర్ల మీది సైజులు చూశాను. మూడూ ఒకటే, ముందు కుడివైపుది మాత్రం చిన్నది. చిన్న చక్రం ఎక్కువ తిరుగుతుంది కాబట్టి, అది జారుతోందనుకుని కారు ఇంజనును అణిచేస్తోంది.

"చూసినావా మామా, ఈ అన్యాయం!" అని గొంతెత్తాను.

"నేనిచ్చినప్పుడు నాలుగూ ఒకటేరా. నడుమ ఎవరు మార్చినారు?" అన్నాడు రంగసామి.

మామ నేల చూపులు చూశాడు. "పూజకి నిమ్మకాయ తొక్కేది ఆ చక్రమే కదప్పా. అదైనా కొత్తదిగా ఉండల్లని సైజు చూడకుండా నేనే వేయించినా."

"నాలుగింటికీ నిమ్మకాయ పెట్టుంటే బండి బాగుండును కదడా!" అన్నాడు రంగసామి.

ఇద్దరూ నవ్వుకుంటూ టైరు కొట్టుకు పోయారు. నా ఉపన్యాసం మాత్రం మిగిలిపోయింది. మీకెవరికైనా నిజంగా మోసం చేసిన వ్యాపారి ఉంటే చెప్పండి, వచ్చి ఊరికే దంచిపెడతాను.