రెండు కేజీల బెల్లంతో కైగల్ అడవికి

తొంభైల చివర్లో మదనపల్లెలోని ఒక మిషన్ స్కూలు హాస్టల్లో నేను వంట చేసేదాన్ని. పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి ఏడాది ఉండి పోదామని రూత్ అనే అమ్మాయి ఇంగ్లండు నుంచి ఆ స్కూలుకే వచ్చింది. వారమంతా పాఠాలు చెప్పేది, శనివారం వస్తే చాలు, బూట్లు వేసుకుని ఏదో ఒక కొండ ఎక్కేది. ఒకసారి హార్స్లీ కొండకు పోయి చీకటి పడినాక తిరిగొచ్చింది. నేను గేటు దగ్గరే నిలబడి పామనీ, లోయ అనీ, లారీ అనీ ఊహించుకుని సగం చచ్చాను. మరునాడు పెద్ద టీచరమ్మ నన్ను పిలిచింది.

"ఎస్తేరమ్మా, ఈ శనివారం ఆ పిల్ల కైగల్ జలపాతానికి పోతాదంట. నువ్వు తోడు పోయి చూసి రా. నువ్వు వద్దంటే ఇంక యాడికీ పంపేది లేదు."

ఆ మాట తెలిసి రూత్ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. శనివారాలు లేకపోతే తాను ఇక్కడ ఉండలేనని, పరీక్షలు కాగానే వెళ్లిపోతానని నాతో చెప్పింది. నాకు జాలేసింది. అయినా దాచేదేముంది, వద్దని చెప్పడానికే నేను బయలుదేరాను.

వానలు తగ్గి వాగులు నిండుగా ఉన్న రోజులవి. పొద్దున ఐదున్నర బస్సు ఎక్కితే ఆరున్నరకు పుంగనూరు. ఆడ టీ తాగి పలమనేరు బస్సు పట్టుకున్నాం, అది గంటా పావు. అక్కడి నుంచి కుప్పం పోయే బస్సులో కైగల్ దగ్గర దిగాలి. మొత్తం నాలుగు గంటలు, ఇద్దరికీ కలిపి యాభై రూపాయలలోపే అయింది. ఇప్పుడు ఆ ధరలు ఉండవు. పిల్ల ఆకలికి పడిపోతుందేమోనని స్టీలు డబ్బాలో రాగి సంగటి ముద్దలు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి సంచిలో సర్దాను. అవి చాలవనిపించి పుంగనూరు బస్టాండులో రెండు డజన్ల అరటిపళ్లు కొన్నాను. అవీ చాలవనిపించి కొత్త బెల్లం రెండు కేజీలు కట్టించాను. కళ్లు తిరిగితే బెల్లం ముక్క నోట్లో వేయొచ్చు కదా అని నా ఆలోచన.

రోడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లు నడక. ఊరి దగ్గర ఆవులు తోలుకుపోతున్న మునెప్ప అనే రైతు మమ్మల్ని చూసి ఆగాడు.

"యాడికి పోతాండారు? నిన్న పై వంకలో, వాగు నీళ్ల కాడ, ఏనుగుల మంద తిరిగింది."

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రూత్ మాత్రం హాస్టల్ పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగులో, "ఈపొద్దు యాడ ఉండాయి అన్నా?" అని అడిగింది. వాడు నవ్వి, "నువ్వు మా ఊరి కోడలు మాదిరి మాట్లాడతాండావే!" అని ఆవులను వెంట ఉన్న తమ్ముడికి అప్పగించి మాతో వచ్చాడు.

జలపాతం దగ్గరికి చేరాం. నల్లటి బండల మీద నుంచి తెల్లగా విరుచుకుపడుతున్న నీళ్లు, మొహానికి తగిలే తుంపర. యాభై ఏళ్లు ఈ జిల్లాలోనే బతికాను, ఇలాంటిది ఒకటుందని నాకెవరూ చెప్పలేదు. సంగటి తిని, వంక పక్కనే పైకి ఎక్కాం. మునెప్ప అడుగడుగుకీ గుప్పెడు మన్ను జారవిడిచి గాలి ఎటు పోతుందో చూసుకుంటున్నాడు. ఒక్కసారిగా చెయ్యి అడ్డం పెట్టాడు.

అవతలి గట్టున ఏడు ఏనుగులు. ఒకటి గున్న, తల్లి కాళ్ల మధ్య నిలబడి నీళ్లలో తొండం ఆడిస్తోంది. అంత పెద్ద జంతువులు చప్పుడు లేకుండా ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తల్లి ఏనుగు తొండమెత్తి మా వైపు వాసన పట్టింది. గాలి మా వైపు నుంచి అటు మళ్లింది. ఏనుగు నీళ్లలోకి అడుగు పెట్టింది.

"అమ్మా, సంచిలో ఏముండాది?" మునెప్ప గుసగుసగా అడిగాడు.

"అరటిపళ్లు... బెల్లం."

"ఎంత?"

"రెండు కేజీలు."

"అయ్యో, పెండ్లికి పోతాండావా! కిందపెట్టు. పరిగెత్తొద్దు, మెల్లగా వెనక్కి నడువు."

నా చేతులు సంచిని వదలలేదు. పిల్లకు తిండి లేకుండా పోతుందనే ఆ క్షణంలోనూ నా దిగులు. రూత్ నా వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి, సంచిని బండ మీద పెట్టి, నన్ను భుజం పట్టుకుని పెద్ద రాతిగుండు వెనక్కి నడిపించింది.

ఏనుగు వచ్చింది. సంచిని కాలితో అణిచి చింపింది. స్టీలు డబ్బా నలిగిన చప్పుడు మాకు వినబడింది. దాని ఊపిరి కూడా వినబడింది, కొలిమి తిత్తి లాగా. బెల్లం ముద్ద తొండంతో ఎత్తుకుని తిన్నది. గున్న వచ్చి నేల మీద రాలిన ముక్కలను తొండంతో తడిమింది. దేవుడు అంత బరువుకు అంత నిదానం ఎలా పెట్టాడా అని చూస్తూ ఉండిపోయాను. మంద మొత్తం అడవిలోకి పోయాక చూసుకుంటే, ఆ కాసేపు నేను భయపడటమే మరిచిపోయాను.

సాయంత్రం మొదట వచ్చిన బస్సు కుప్పం పోయేది. అదే ఎక్కి కుప్పంలో మా చెల్లెలి ఇంట్లో పడుకుని, ఆదివారం మదనపల్లె చేరాం. సోమవారం పెద్ద టీచరమ్మ అడిగింది.

"ఏమమ్మా, ప్రమాదముందా?"

ఏనుగుల సంగతి దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ దాచలేకపోయాను. "ఉండాది. ఏనుగు మా దగ్గరికే వచ్చింది. దాన్ని పిలిచింది నా బెల్లం, ఆ పిల్ల కాదు. అడవిలో ఎట్ల నడవాల్నో ఆ పిల్లకు తెలుసు, నాకే తెలీదు."

ఆమె మళ్లీ అడిగింది, "అయితే ఈ శనివారం?"

"పోనీండి. నేనూ పోతాను. సంచి మాత్రం ఎత్తుకోను."

రూత్ ఏడాది పూర్తి చేసి, ఇంకో ఏడాది కూడా ఉంది. మేమిద్దరం ఎన్నో కొండలు ఎక్కాం. నాకు దిగులు పోలేదు, ఇప్పటికీ మనవరాలు బజారుకు పోతే గేటు వైపు చూస్తూనే ఉంటాను. కానీ దిగులు వల్ల మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం వేరు, పక్కన నడవడం వేరు అని ఆ గుండు వెనక నాకు తెలిసింది. మీరు కైగల్ పోయేటట్లయితే, బస్సు దిగగానే ఊళ్లో వాళ్లను ఏనుగులు ఆ పొద్దు ఏ వైపు ఉన్నాయో అడగండి. దగ్గర్లో ఉన్నాయంటే మారు మాట్లాడకుండా వెనక్కి పోయే బస్సు ఎక్కండి.