పెద్ద కారు వెనక సీటు

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా, ఆయనకు తెలియనిదా అని దాటేశాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చివరిదాకా వినండి.

మదనపల్లెలో నాకు మోటారు సామాన్ల అంగడి. కుప్పంలో పిల్లనిచ్చారు. ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి. ఈ మాట ఎంత గర్వంగా చెప్పుకునేవాణ్ణో! పండక్కి పోతే మొదటి విస్తరి నాది. మామ పోయాక కూడా ఆ మర్యాద తగ్గలేదు. కానీ మర్యాదను ఏం చేసుకోను? మా అత్త నా ఎదుట కూర్చునేది కాదు, నాతో మాట్లాడేది కాదు. ఆమె కాలపు పద్ధతి అది. అల్లుడొస్తే అత్త తలుపు చాటున నిలబడాలి, ఏదన్నా అడగాలంటే కూతురి చేత అడిగించాలి. నేను రెండడుగుల దూరంలో ఉన్నా "కాఫీ తాగుతాడేమో అడుగుమ్మే" అనేది లోపల్నించి. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, పెళ్ళయిన కొత్తలో నాకొక అమ్మ దొరుకుతుందని ఆశపడ్డాను. పన్నెండేళ్ళలో నాకు దొరికింది తలుపు చాటున ఒక దగ్గు, ఒక చీర అంచు.

చిన్నల్లుడు రెడ్డెప్ప. మా ఆవిడ చెల్లెలి మొగుడు. పుంగనూరులో పట్టుగూళ్ళ వ్యాపారం. రోజూ పల్లెలు తిరిగి రైతుల దగ్గర గూళ్ళు కొంటాడు. మంచివాడు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నా పని ఎంత తేలికయ్యేది!

ఆ రోజుల్లో కొత్త కారంటే డబ్బు కట్టి ఏళ్ళకేళ్ళు వరసలో కాచుకోవాలి. నేను ఏడేళ్ళు కాచుకున్నాను. వచ్చిన రోజున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, పూలదండ వేసి, నేరుగా కుప్పం తీసుకుపోయాను. వీధి వీధంతా చూసింది. నువ్వూ ఒకటి బుక్ చెయ్యమని రెడ్డెప్పకు పెద్దరికంగా చెప్పాను. "ఏడేండ్లు యాల కాసుకునేదన్నా? పట్టుపురుగు నెలకంతా గూడు కట్టేస్తాది. దాని ఎనకాల నేను దినామూ తిరగాల" అని నవ్వాడు.

నవ్వి ఊరుకున్నాడా? రెండు నెలల్లో హార్స్లీ హిల్స్ మీద బంగళా అమ్ముకుని వెళ్ళిపోతున్న ఒక ముసలి దొరసాని దగ్గర ఆమె పాత కారు కొనేశాడు. విలాయతీ కారు. ఇరవై ఏళ్ళ నాటిది. ముదురు నీలం రంగు, నున్నటి చెక్క పలక, తోలు సీట్లు. వెనక సీటు మా ఇంట్లో మంచమంత ఉండేది. ముసలి ఏనుగును కొన్నావు, మేపలేక చస్తావు అన్నాను. చావలేదు. ఆ తోలు సీట్ల మీద గూళ్ళ బుట్టలు పేర్చుకుని, పల్లె రైతుల్ని ముందు కూర్చోబెట్టుకుని, ఆ కారును రోజూ ఎద్దులబండిలా వాడుకున్నాడు. దొరసాని చూస్తే గుండె ఆగేది. జనానికి మాత్రం అది ముద్దొచ్చింది. దాని పక్కన నా కొత్త కారును నిలబెడితే పుంగనూరోళ్ళు నా కారును 'పుంగనూరావు' అనేవాళ్ళు. ఆ ఊరి ఆవుల్లా పొట్టిదని. నేనూ నవ్వేవాణ్ణి. అంగడికొచ్చి పనికుర్రాడి మీద విరుచుకుపడేవాణ్ణి.

అది ఒట్టి కారు మీద కుళ్ళే అయితే ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు. తోడల్లుళ్ళ మధ్య ఆ మాత్రం మంట ఏ ఇంట్లో లేదు?

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు మా అత్త బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. ఎముక అతుక్కుంది కానీ కుడి కాలు మోకాలి దగ్గర మళ్ళీ వంగలేదు. కర్రలా చాచుకునే ఉండాలి. నేనే ముందు పరిగెత్తాను, నా కొత్త కారులో తిప్పుదామని. ముందు సీటు వెనక్కి జరిపాం, వెనక సీట్లో అడ్డంగా కూర్చోబెట్టాం. తలుపు మూయబోతే పాదం తగిలి ఆమె పెట్టిన కేక ఇంకా నా చెవుల్లో ఉంది. ఆ వారమే రెడ్డెప్ప పెద్ద కారు తెచ్చాడు. వెనక సీట్లో దిండు వేసి, కాలు నిండుగా చాపి కూర్చోబెట్టి, తలుపు మెత్తగా మూశాడు. అంతే. ఇక ప్రతి ఆదివారం ఆమెను అలా బయటికి తీసుకుపోయేవాడు.

ఇంకో సంగతి మా ఆవిడ సంబరంగా చెప్పింది. "మాయమ్మ దావంతా మాట్లాడతానే ఉండాది. రెడ్డెప్పతోనే!"

నాకు మతి పోయింది. తర్వాత అర్థమైంది. కారులో ఆమెకు కనపడేది అతని వీపు. అతను రోడ్డు చూస్తాడు, ఆమె అతని మెడ వెనక చూస్తుంది. మొహాలు ఎదురుపడవు, కాబట్టి మర్యాదా తప్పదు. తన చిన్నతనం, పంటలు, వంటలు, మా మామతో పడిన పోట్లాటలు, అన్నీ ఆ వీపుకు చెప్పుకునేది. ఒక ఆదివారం నేనూ ముందు సీట్లో ఎక్కాను. ఆమె మాట్లాడుతుందేమోనని ఆత్రం పట్టలేక ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కొంగు మొహం మీదికి లాక్కుంది. వి.కోట దాకా పోయి తిరిగొచ్చేవరకు ఒక్క మాట లేదు. నేను ఎక్కని మరుసటి ఆదివారం మళ్ళీ మొదలుపెట్టిందట.

ఏం చెప్పమంటారు? ఒక మగవాడు, అంగడి యజమాని, నలభై ఏళ్ళవాడు, అత్త తనతో మాట్లాడలేదని ఏడిస్తే నవ్వరా? నేను ఏడవలేదు. ఓర్వలేకపోయాను. ఏడ్చి ఉంటే బాగుండేది.

అప్పుడు ఆ కారులో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ పగిలింది. అరచేతిలో పట్టే నల్లటి మూత. ఇంజనులో నిప్పురవ్వను పంచేది అదే, అది లేకపోతే ఏనుగంత కారూ కదలదు. లేతు మీద చేయించేది కాదు. అతికిస్తే నాలుగు మైళ్ళు రాలేదు. ఆ పాత కారుకు ఏ సామాను కావాలన్నా బెంగళూరు నుంచి తెచ్చిపెట్టేది నేనే. మా వ్యాపారంలో పద్ధతి ఏమిటంటే, పగిలిన ముక్కను కాగితంలో చుట్టుకుపోయి అంగడి అంగడికీ చూపించాలి, పోల్చుకునే కన్ను ఎవరికో ఒకరికి ఉంటుంది. మొదటి విడత దొరకలేదు. ఇది నిజం. శివాజీనగరం పాత ఇనుము అంగళ్ళన్నీ తిరిగాను. నమ్మండి.

ఆ ఆదివారం కుప్పం పోయాను. ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. ఏదో తీసుకోడానికి అత్త గదిలోకి పోయాను. ఆమె మంచం మీద, గోడ వైపు తిరిగి ఉంది.

"ఏమప్పా, ఆ సామాను దొరికినాదా?"

ఎవరితో అంటోందో అని వెనక్కి చూశాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

"లేదత్తా. ఎతుకుతాండాను."

"పోనీలే నాయనా. ఎండలో పడి తిరిగుంటావు. అన్నం తింటివా?"

అంతే. మీకిది మాట కాకపోవచ్చు. నేను పెరట్లోకి పోయి మొహం కడుక్కున్నాను.

మరుసటి ఆదివారం కూడా అడిగింది. అప్పుడూ దొరకలేదు, అదీ నిజమే. ఈసారి స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆమె గోడకు చెబుతున్నట్టే చెప్పింది. గంగవరంలో తమ్ముడున్నాడు. పక్షవాతంతో మంచాన ఉన్నాడు. "వాడు నా సంకలో పెరిగినోడప్పా. కారు బాగయితే ఒకసారి పోయి సూసుకోనొస్తా. ఇంగేమీ అడగను." తప్పకుండా పోదువత్తా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మూడో విడత దొరికింది.

ఒక ముసలి వ్యాపారి రేకు డబ్బాలో చెయ్యి పెట్టి కెలికి, తీసి, నా ముక్క పక్కన పెట్టాడు. అచ్చం అదే. చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాను. దాన్ని గుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని ఆదివారం కుప్పం పోయాను. రెడ్డెప్ప అరుగు మీదే ఉన్నాడు. అక్కడే ఇచ్చేయాల్సింది. ముందు ఆమెకు చెబుదామని లోపలికి పోయాను.

ఆమె లేచి కూర్చుని ఉంది. తల మీద కొంగు ఉంది కానీ, పన్నెండేళ్ళలో మొదటిసారి, మొహం నా వైపు ఉంది. "ఈతూరన్నా దొరికినాదా నాయనా?" అంది.

సంచి నా చేతిలోనే ఉంది. ఆ ఒక్క క్షణంలో అన్నీ కనపడ్డాయి. ఇది ఇచ్చేస్తే కారు కదులుతుంది. ఆమె పోయి వెనక సీట్లో కూర్చుంటుంది. మళ్ళీ ఆ వీపుకు మాటలన్నీ. నాకు మళ్ళీ తలుపు, దగ్గు, చీర అంచు.

"లేదత్తా" అన్నాను.

"నా కోసరం ఎంత అగసాట్లు పడతాండావప్పా" అని చెయ్యి చాచి నా ముంజేతిని తట్టింది.

ఆ పూటే బయటికొచ్చి, అప్పుడే గుర్తొచ్చినట్టు తీసి ఇచ్చేసినా సరిపోయేది. వచ్చే వారం ఇద్దామనుకున్నాను. ఇలాంటివన్నీ వచ్చే వారంతోనే మొదలవుతాయేమో. నాలుగు నెలలు గడిచాయి. నేనే బెంగళూరుకొస్తానని రెడ్డెప్ప అన్నాడు. అవసరం నీదని తెలిస్తే అంగళ్ళవాళ్ళు కొండెక్కి కూర్చుంటారు, నాకొదిలెయ్యి అన్నాను. వ్యాన్ ఏదన్నా మాట్లాడి అమ్మను గంగవరం పిలుచుకుపోదామని మా ఆవిడ అంది. వచ్చే విడత ఖాయం, ఊరికే ఆమెను వ్యాన్‌లో కుదిపి చంపుతారా అని కసిరాను. నా మాట ఎవరూ కాదనలేదు. పెద్దల్లుణ్ణి కదా!

ఆ నాలుగు నెలలూ నేను సుఖంగా ఉన్నాను. ఇది రాయడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. అబద్ధం చెప్పి కుమిలిపోయానని రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలిగేది. కానీ కుమిలిపోలేదు. శనివారం వస్తే మనసు ఉరకలేసేది. స్టూలు మీద కూర్చునేవాణ్ణి, ఆమె సామాను సంగతి అడిగేది, నేను లేదనేవాణ్ణి, ఆ తర్వాత మాటలు. నేను చిక్కిపోయానంది. మా అమ్మ పేరు అడిగింది. మా అమ్మ పేరు నన్ను అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరున్నారు?

ఒక బుధవారం గంగవరం నుంచి మనిషి వచ్చాడు. ఆమె తమ్ముడు పోయాడు.

మేమందరం వెళ్ళాం. ఆమె తప్ప. వ్యాన్ కోసం రెడ్డెప్ప పలమనేరు దాకా పరిగెత్తాడు, టైముకు దొరకలేదు. మేం వెళ్ళేటప్పుడు ఆమె ఏడవలేదు. చాచిన కాలి మీద చెయ్యి పెట్టుకుని, ఆ కాలినే చూస్తూ కూర్చుంది.

తర్వాతి ఆదివారం స్టూలు మీద కూర్చున్నాను. ఆమె ఏమీ అడగలేదు. నేనే సిగ్గులేకుండా, వచ్చే వారం దొరుకుతుందేమో అత్తా అన్నాను. "ఇంగెందుకులేప్పా" అని గోడ వైపు తిరిగింది. ఆ తర్వాత ఏం కావాలన్నా మా ఆవిడతోనే చెప్పించింది. ఏడాది తిరక్కుండానే పోయింది. కొడుకుల్లేరు కాబట్టి పాడె ఒక పక్క నేను మోశాను, ఇంకో పక్క రెడ్డెప్ప.

క్యాప్‌ను ఆమె తమ్ముడు పోయిన వారమే అంగట్లో సుత్తితో కొట్టి పొడి చేశాను. రెడ్డెప్ప కారును పాత ఇనుముకు వేశాడు. దాన్ని కోస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. "నువ్వు మొదుట్లోనే సెప్తివన్నా, పాతది వద్దని. నేనే ఇనకపోతిని. దాన్ని నమ్ముకోకుండా ఉంటే, ఏదో ఒగ బండిలో అత్తను తమ్ముడి కాడికి తీసకపోయుందును. పాపం నాది" అని ఏడ్చాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. బాధపడకప్పా, నీ తప్పేముంది అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నలుగురిలో నన్ను చూపించి, మా అత్త కోసం బెంగళూరులో ఈ అన్న తిరగని అంగడి లేదని చెబుతాడు. నేను తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు. ఈమధ్య పుంగనూరు పోయాను, ఎలాగైనా చెప్పేద్దామని. మరదలు కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

అతనికి చెబితే పదేళ్ళుగా తన మీద వేసుకున్న పాపం దిగుతుంది. తెలిసీ చెప్పలేదు. చెబితే అన్నా అని పిలవడు. ఆ పిలుపు పోతుందని భయం. ఈ వయసులో కూడా నాకు ఒక పిలుపే ముఖ్యమా? అవును. అప్పుడూ అంతే.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. కారు మీద కుళ్ళుతో చేశానని మాత్రం అనుకోవద్దు. ఆ కారు కదలనన్నాళ్ళూ ఆమె నన్ను నాయనా అంది. కదిలితే అనదు. అందుకే ఇవ్వలేదు. ఒక ముసలామె తన తమ్ముణ్ణి చివరిచూపు చూసుకోకుండా చేసి, నేను కొనుక్కున్నది ఆ పిలుపు.

పదేళ్ళలో మొదటిసారి ఇది పైకి అన్నాను. ఇంకేమీ దాచలేదు.