మామయ్య ప్రాసెసర్ ఎంచుకున్న రోజు

మా మామయ్య ముప్పయ్యొక్క ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. చివరి పదేళ్లూ ఒకటే రూటు, రైల్వే స్టేషన్ నుంచి కొండ మీది ఆసుపత్రి దాకా. ఎడమ మోకాలు అరిగి ఆపరేషన్ అయ్యాక, ఇక క్లచ్ జోలికి వెళ్లొద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు. డిపోవాళ్లు ఆఫీసులో కుర్చీ ఇస్తామన్నారు. "కదలని సీట్లో నేనేం కూర్చుంటాను" అని మామయ్య రిటైర్మెంటు తీసుకుని ఇంటికొచ్చేశాడు.

నెల తిరక్కుండానే అత్తయ్యకు చుక్కలు కనిపించాయి. అత్తయ్య హైస్కూల్లో సైన్సు టీచరు. పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే మామయ్య వాచీ చూసి "నాలుగు నిమిషాలు లేటు" అనేవాడు. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేశాడు. దాంతో ఉప్పు ఎక్కడుందో, పంచదార ఎక్కడుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియకుండా పోయింది. చివరికి అత్తయ్య నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, మీ మామయ్యకు ఏదో ఒక పని చూపించరా, నీకు పుణ్యముంటుంది" అంది.

నేను ప్రింటింగ్ షాపులో డిజైన్లు చేస్తుంటాను. నాకొచ్చిన కంప్యూటర్ విద్య అంతంతమాత్రమే. అయినా ఆ ఆదివారం వెళ్లి, అత్తయ్య స్కూలు పాఠాలు తయారుచేసుకునే ల్యాప్‌టాప్‌లో బస్సు నడిపే గేమ్ ఒకటి వేసిపెట్టాను. అందులోనూ ఒక రైల్వే స్టేషనూ, కొండెక్కే రోడ్డూ, పైన ఆసుపత్రీ ఉన్నాయి.

మామయ్య మొదట మూతి విరిచాడు. తెర మీద స్టీరింగు, డోర్ బటను, పక్క అద్దాలు కనిపించేసరికి కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఈ అద్దం సర్దుకోవడం ఎలాగరా?" అని అడిగాడు. సాయంత్రం దాకా లేవలేదు. చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా ఎర్రలైటు దగ్గర ఆగేవాడు. స్టాపులో ఎక్కిన ముసలావిడ బొమ్మ సీట్లో కూర్చునేదాకా బండి కదిపేవాడు కాదు.

కానీ ఆ ల్యాప్‌టాప్‌కు వయసు మీరింది. రెండు వీధులు బాగానే వెళ్లి, మూడో వీధిలో బస్సు కప్పలా గెంతేది. బ్రేకు నొక్కితే కాసేపాగి పడేది. "ఇలాంటి బండిని డిపో గేటు దాటనివ్వకూడదు" అని మామయ్య గొణుక్కునేవాడు. అలా మూడు నెలలు ఈడ్చి, ఒకరోజు అది పూర్తిగా చేతులెత్తేసింది. మర్నాడు అత్తయ్య తొమ్మిదో తరగతిలో బొమ్మలన్నీ బోర్డు మీద చాక్‌పీసుతో గీయాల్సి వచ్చింది.

కొత్తది కొనక తప్పలేదు. చెరొకటి కొనుక్కునే ఉద్దేశం ఇద్దరికీ లేదు. పగలు స్కూలుకు, సాయంత్రం బస్సుకు ఒక్కటే ఉండాలి. పేచీ అక్కడే మొదలైంది.

"నాకు బ్యాటరీ నిలవాలి. ఆరు పీరియడ్లు తిరగాలి. మా క్లాసులో ప్లగ్గు ఒక్కటే, అదీ తలుపు వెనకాల" అంది అత్తయ్య. "పైగా అది గుర్రుమనకూడదు. వెనక బెంచీవాళ్లకు నవ్వడానికి సాకు దొరికితే ఇంక పాఠం సాగదు."

"నాకు ఎత్తెక్కాలి. ఎత్తు మీద ఆయాసపడకూడదు" అన్నాడు మామయ్య.

ఇద్దరూ నా మొహం చూశారు. లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్ అనీ, ఆటలో రోడ్లూ మేడలూ గీసేది మాత్రం గ్రాఫిక్స్ చిప్ అనీ, అది విడిగా ఉంటుందనీ నాకు తెలిసినంతలో చెప్పాను. ఆటకు గ్రాఫిక్స్ చిప్ ముఖ్యమని, ప్రాసెసర్ దానికి సరిజోడుగా ఉంటే చాలని కూడా అన్నాను. మామయ్య అదంతా ఒక పాత డ్యూటీ పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ వారమంతా నాకు షాపులో ఫోన్ల మీద ఫోన్లు.

"ఒరేయ్, ప్రాసెసర్లో లెక్కలు చేసేవి కోర్లట కదా. ఎనిమిదంటున్నారు, పదహారంటున్నారు. మన బస్సుకు ఎన్ని కావాలి?"

"ఆ గేమ్ ఆరో ఎనిమిదో వాడుకుంటుంది మామయ్యా, అంతే."

"మరి మిగతావి?"

"ఊరికే కూర్చుంటాయి."

"మా డిపోలో అలాంటివాళ్లని చాలామందిని చూశాను" అని పెట్టేశాడు.

స్కూలుకు సెలవున్న ఒక మధ్యాహ్నం ముగ్గురం దుకాణానికి వెళ్లాం. పెద్ద హాలు, వరసగా తెరిచిపెట్టిన ల్యాప్‌టాప్‌లు, మేం తప్ప జనం లేరు. గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలనగానే సేల్స్ అమ్మాయి నవ్వుతూ, "బాబు ఏం చదువుతున్నాడు సార్?" అని అడిగింది.

"బాబు నేనేనమ్మా. చదివించేది ఈవిడ" అన్నాడు మామయ్య.

ఆ అమ్మాయి కాస్త తడబడి, రెండు ల్యాప్‌టాప్‌లు ముందు పెట్టింది. ఒకటి వెండిరంగుది, అట్టముక్కలా సన్నగా ఉంది. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ప్రాసెసర్ అందులోనే ఉందని చెప్పింది. రెండోది నల్లటిది, మందంగా, ఏ అలంకారమూ లేకుండా ఉంది. ప్రాసెసర్ ఒక మెట్టు తక్కువ. గ్రాఫిక్స్ చిప్ మాత్రం రెండింట్లోనూ ఒకటే.

మామయ్య వెండిదాన్ని ఎత్తి, తిరగేసి, అడుగున గాలి రంధ్రాలు చూశాడు. బండి కిందకి దూరి చూసే మెకానిక్‌లా కనిపించాడు.

"ఇంత సన్నటి ఒంట్లో అంత పెద్దది పెడితే వేడి ఎటు పోతుందమ్మా?"

"రెండు ఫ్యాన్లున్నాయి సార్."

"నడిపి చూడొచ్చా?"

"తప్పకుండా సార్. ఒక ఐదు నిమిషాలు చూడండి."

"ఐదు నిమిషాల్లో నేను స్టేషన్ గేటు కూడా దాటను. నలభై నిమిషాలు కావాలి."

ఆ అమ్మాయి గల్లా దగ్గరున్న మేనేజరు వైపు చూసింది. ఆవిడ కళ్లజోడు పైనుంచి మమ్మల్ని ఎగాదిగా చూసి, ఎలాగూ ఖాళీయే కదా కానివ్వమంది. నేను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన గేమ్‌ను రెండింట్లోనూ వేశాను. వెండిదాని ముందు మామయ్య కూర్చున్నాడు. నల్లదాని ముందు నన్ను కూర్చోబెట్టి, "నా రూటే పట్టు, నా స్పీడే పట్టు" అన్నాడు.

మొదటి పది నిమిషాలు వెండి బస్సు వెన్నలా జారింది. నాది దానికి ఏమంత తీసిపోలేదు, నడిపేవాడిదే లోపం. ఒక సిగ్నల్ దాటేశాను, ఒక స్టాపు మరిచిపోయాను. "నీకు లైసెన్సు ఇచ్చినవాడెవడురా?" అని మామయ్య తల తిప్పకుండానే అడిగాడు. సేల్స్ అమ్మాయి మా ఇద్దరి మధ్యా స్టూలు వేసుకుని కూర్చుంది.

పావుగంట దాటాక, ఊరి చివర ఎత్తు మొదలయ్యేచోట, మామయ్య కనుబొమలు ముడిపడ్డాయి.

"గొంతు మారింది" అన్నాడు.

నిజమే, వెండిదాని ఫ్యాన్లు మిక్సీలా అరుస్తున్నాయి. కాసేపటికి తెర మీది చెట్లు ఆగి ఆగి కదలడం మొదలుపెట్టాయి. అత్తయ్య కీబోర్డు పైభాగాన చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"వేడి తట్టుకోలేక తనంతట తనే వేగం తగ్గించుకుంటోంది. లేకపోతే మాడిపోతుంది. అంత బలమూ ఉండి లాభమేముంది, వాడుకునే చోటు లేకపోయాక" అంది.

నా నల్ల బస్సు మాత్రం మొదట ఎలా వెళ్లిందో అలాగే ఎత్తెక్కి ఆసుపత్రి మలుపు తిరిగింది. ఫ్యాను చప్పుడు ఉంది గానీ ఒకే శ్రుతిలో ఉంది. "ఇంతసేపు నడిపి చూసినవాళ్లు ఎవరూ లేరు సార్, నాకూ ఈ సంగతి తెలీదు" అని ఆ అమ్మాయి ఒప్పుకుంది.

తర్వాత అత్తయ్య వంతు. రెండూ చల్లారాక, నిండా చార్జింగు పెట్టించి, వైర్లు పీకించి, తన పాఠం స్లైడ్లు తెరిపించింది. సేల్స్ అమ్మాయిని కాపలా పెట్టి మేం ఎదురుగా కాఫీ తాగి గంట తర్వాత వచ్చాం. నల్లదాంట్లో పన్నెండు శాతం ఖర్చయింది. వెండిదాంట్లో ఇరవై రెండు. అత్తయ్య నల్లదాని మీదికి వంగి చెవి పెట్టి విని, "దీన్ని క్లాసులోకి రానిస్తాను" అంది.

అంతా తేలిపోయినట్టే. కానీ మామయ్య వెండిదాని మూత మీద వేలు రాస్తూ నిలబడిపోయాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. కొత్త బండి వచ్చిన ప్రతిసారీ డిపోలో ఇంకొకళ్లకి వెళ్లేది. నా మెడకి పాతదే కట్టేవాళ్లు. ఒక్కసారైనా, ఉన్నవాటిలో పెద్దది నాదనిపించుకుందామని."

అత్తయ్య నిదానంగా, "మీ మనసు దాని మీదే ఉంటే అదే తీసుకుందాం. నేను చార్జరు మోసుకెళ్తాను, తలుపు దగ్గర కూర్చుని చెప్తాను" అంది.

మామయ్య ఆ చార్జరును చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ఆమె కుడి భుజం వైపు చూశాడు. ఆ భుజం నొప్పికి రోజూ మందు రాసేది ఆయనే.

"ఎత్తు ఎక్కనిదాన్ని నేనేం చేసుకుంటాను. ఆ నల్లది కట్టించమ్మా" అన్నాడు సేల్స్ అమ్మాయితో. దారి పొడుగునా పెట్టెను ఒళ్లోనే పెట్టుకున్నాడు.

రెండు వారాలకు ఇంకో తమాషా జరిగింది. అత్తయ్య క్లాసులో ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించేసరికి, మామయ్య మూయడం మరిచిపోయిన బస్సు గోడంత సైజులో ప్రత్యక్షమై పెద్దగా హారన్ కొట్టింది. పిల్లలు బల్లలు చరిచారు. ఆ రోజు పాఠం ఘర్షణ. అత్తయ్య తిట్టబోయి ఆగి, "తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే ఈ బస్సు ఎంత దూరంలో ఆగుతుంది?" అని అడిగింది. తలా ఒక అంకె చెప్పారు. ఎవరిది సరైనదో తేల్చడానికి తగిన మనిషి తన ఇంట్లోనే ఉన్నాడని ఆమెకు అప్పుడు తట్టింది.

హెడ్‌మిస్ట్రెస్ అనుమతితో మరుసటి గురువారం మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూలుకు వెళ్లాడు. బస్సునిండా జనాన్ని తిప్పిన మనిషికి నలభైమంది పిల్లల ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదట. బస్సు కదలగానే మాట దానంతటదే వచ్చింది. పొడిరోడ్డు మీద ఒకసారి, వానలో ఒకసారి బ్రేకు వేసి చూపించాడు. పిల్లలు కరెంటు స్తంభాలు లెక్కపెట్టి దూరం రాసుకున్నారు. ఇంకా వేగంగా పొమ్మని క్లాసంతా గోలపెట్టినా, ఆటలో రోడ్డు పక్క బోర్డు మీద రాసిన వేగం దాటనే లేదు.

ఇప్పుడు గురువారం చివరి పీరియడ్ ఆయనదే. కిందటి వారం ఒక అమ్మాయి బస్సు రివర్స్ చేయడం నేర్పితే గాని బెంచీ దిగనని పట్టుబట్టిందట. మామయ్య ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నిలబడి, "కుడి అద్దం చూడు తల్లీ, తొందర లేదు" అంటూ చెప్పాడు. రెండుసార్లు గోడకు తగిలింది. మూడోసారి బస్సు తిన్నగా వెనక్కి వెళ్లి, రెండు తెల్లగీతల మధ్య నిలబడింది.