నంబరు రైటే, లైను తప్పు

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూని నా రెండు వేళ్ళతో నేనే మూసేశాను. ఒకసారి మూస్తే పొరపాటు అనుకోవచ్చు. ఆ తర్వాత చేసింది వింటే మీరు నాకు ఇంటి తాళంచెవి కూడా ఇవ్వరు.

అప్పటికి చదువు అయిపోయి ఏడాది. ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో నన్ను చూసిన ప్రతి పిన్నీ "ఏటమ్మా, ఇంకా ఇంట్లోనేనా" అని అడిగేది. అలాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పిలిచింది. అది పోతే మళ్ళీ పిన్నుల పాలే.

నాకో గర్వం ఉండేది. కోడ్‌లో ఏ మూలకి వెళ్ళాలన్నా మౌసు ముట్టను, అంతా కీబోర్డు షార్ట్‌కట్లతోనే. మౌసుతో క్లిక్ చేసేవాళ్ళని చూస్తే నాకు జాలి. నాన్న గోల్ బజార్‌లో కొట్టు దాదాతో బేరమాడి కొన్న మౌసుని ఆయనకే తిరిగిచ్చేశాను.

"నువ్వు సిగ్నల్ కేబిన్‌లో లివర్లని నంబర్లతో లాగినావు కదా నాన్నా. నేనూ అంతే," అన్నాను.

ఆయన మౌసుని గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు. బటన్ల ప్యానెల్ వచ్చేదాకా పన్నెండేళ్ళు పట్టాలు మార్చే లివర్లు లాగిన మనిషి. చేతి చెమటకి లివరు తుప్పు పడుతుందని గుడ్డతోనే పట్టుకునేవారు. ఆ అలవాటు ఇంట్లో గరిటెకి కూడా తప్పలేదు.

ఇంటర్వ్యూ రోజున స్క్రీన్‌ని రెండు భాగాలు చేశాను. ఎడమ కిటికీలో కోడ్, కుడి కిటికీలో ఇంటర్వ్యూ చేసే మేడం. తెలుగమ్మాయినని తెలిసి ఆవిడ తెలుగులోనే మాట్లాడారు.

"ఈ లెక్క తప్పొస్తోంది. ఎక్కడ తప్పుందో పట్టుకోండి."

టకటకమని ఫైలు నుంచి ఫైలుకి దూకాను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఇల్లలకగానే పండగ కాదంటారు, నేనైతే అలకకముందే పిండివంటలు మొదలెట్టేశాను. మేడం చాట్‌లో ఏదో అడిగితే కుడి కిటికీలోకి వెళ్ళి జవాబు రాశాను. తర్వాత అక్కర్లేని ఫైలు మూద్దామని కంట్రోల్ డబ్ల్యూ కొట్టాను.

ఫైలు కదల్లేదు, మేడం మాయమయ్యారు. నేనింకా కుడి కిటికీలోనే ఉన్నానన్నమాట.

పరుగున మళ్ళీ చేరి, "సారీ మేడం, మా ఊళ్ళో కరెంటు పోయింది," అన్నాను.

ఈసారి బుద్ధిగా ఎడమ కిటికీలోకి వచ్చి కూర్చున్నాను. అంతలో, ఆ వేళ డ్యూటీ లేక రెస్టులో ఉన్న నాన్న తలుపు తీశారు. వెంటనే మైక్ ఆపే షార్ట్‌కట్ కొట్టి ఆయన వైపు తిరిగాను.

"కరెంటు పోయిందన్నావేటి? ఫ్యాను తిరగతంది కదా."

"నిజం సెప్తే ఉద్యోగం వస్తాదేటి? ఆ మేడం సూడు, టికెట్టు నేనోళ్ళని టీటీ సూసినట్టు సూస్తన్నాది."

"ఏటి నొక్కినావు?"

"ఫైలు మూసే మీటే నొక్కినాను. ఏ కిటికీలో ఉన్నానో సూడనేదు."

నాన్న తల ఊపారు. "నా లివర్ల నంబర్లు నిద్దట్లో లేపి అడిగినా సెప్తాను. అయినా లాగే ముందు కేబిన్ అద్దంలోంచి లైను సూసీవోణ్ణి. నీ నంబరు రైటేనమ్మా. లైను తప్పు."

గుడ్డ విప్పి, మౌసు తగిలించి, నా ముందు పెట్టారు. అప్పుడు స్క్రీన్ వైపు చూశాను. మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"మీ మైక్ ఆన్‌లోనే ఉందమ్మా," అన్నారు.

మైక్ ఆపే మీట కుడి కిటికీలో కొట్టాలి. నేను ఎడమ కిటికీలో కొట్టాను.

నాన్న వంగి నమస్కారం పెట్టారు. "అబద్దం ఆడినాది మేడంగారూ, తప్పే. పని మాత్రం వచ్చు. ఇంకోపాలి సూడండి."

"అయితే మీరు చెప్పినట్టే, లైను చూసుకుంటూ చెయ్యమనండి."

చేశాను. ప్రతి క్లిక్కుకీ ముందు చూశాను, తర్వాత నొక్కాను. మౌసుతో నెమ్మదిగా వెళ్తుంటే, ఇందాక పరుగులో రెండుసార్లు దాటేసిన తప్పు కనబడింది.

ఉద్యోగం వచ్చింది. ఆ వేళ నాన్న తలుపు తీయకపోతే నా అబద్ధం నిలిచేది, ఉద్యోగం పోయేది. ఇంటర్వ్యూ మధ్యలో వచ్చారని ఆయన మీద విసుక్కున్నాను, ఇప్పుడు ఆ రాకకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. మేడం రుణం కూడా తీరేది కాదు. చేరిన రోజు ఆవిడ నన్ను అందరికీ పరిచయం చేశారు.

"ఈ అమ్మాయి టికెట్టు లేకుండా ఎక్కింది. టికెట్టు వాళ్ళ నాన్నగారు చూపించారు."

కాబట్టి, గుడ్డలో చుట్టిన మౌసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో లైను చూడకుండా మీట నొక్కను, ఫ్యాను తిరుగుతుండగా కరెంటు పోయిందనను. ఇది రాసిన ఫైలు ఇప్పుడు మూయాలి. ఆగండి, ముందు నాన్నని పిలుస్తాను.